చెక్క రెక్కలో తప్పు బెజ్జం

కిందటి శీతాకాలంలో ఒక శనివారం మధ్యాహ్నం పావు అంగుళం డ్రిల్లు బిట్టుతో ఒక స్ప్రూస్ దూలానికి బెజ్జం వేశాను. నిటారుగా, అంచులు చిట్లకుండా, ముచ్చటగా వచ్చింది. వచ్చిన చిక్కల్లా అది ఉండవలసిన చోటికి ముప్పావు అంగుళం పక్కన పడటమే. టేపు ఆనించవలసిన గీత ఒకటి, నేను ఆనించిన గీత ఇంకొకటి. అది ఏ పుస్తకాల అలమారాకో వాడే చెక్క అయితే ఇంత కథ లేదు. అది విమానం రెక్కలో ఉండే దూలం. దాన్ని స్పార్ అంటారు. గాలిలో ఉన్నప్పుడు విమానం బరువంతా మోసేది అదే.

మన వృత్తిలో తప్పు చేస్తే వెనక్కి పోవడానికి దారి ఉంటుంది. పాత వెర్షను ఎక్కడో భద్రంగా ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ప్రొడక్షన్ సర్వరు కుప్పకూలినా, తెల్లారేలోగా నిన్నటి బిల్డు తెచ్చి పెట్టెయ్యొచ్చు. ఆ ధీమాతో పన్నెండేళ్ళు గడిపినవాడికి చెక్కలో పడ్డ బెజ్జం వంక చూస్తూ నిలబడటం కొత్త అనుభవం. ఆ బెజ్జాన్ని ఏం చెయ్యాలన్న ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ముందు, ఇళ్ళలో విమానాలు కట్టుకోవడం ఏమిటని అనుమానం వచ్చినవారికి నాలుగు మాటలు. అమెరికాలో విమానాల మీద అజమాయిషీ చేసే ఎఫ్.ఏ.ఏ. వారు "ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్" అని ఒక తరగతి పెట్టారు. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే, తమ చదువు కోసమో సరదా కోసమో చేసి ఉంటే, తనిఖీ జరిపి ఎగరడానికి ధ్రువపత్రం ఇస్తారు. ఇలాంటివారికి ఈ.ఏ.ఏ. అనే సంఘం 1953 నుంచీ ఉంది. 1970 నుంచి ఏటా విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ లో వాళ్ళ జాతర జరుగుతుంది. జాతర అనే మాట తెలిసే వాడాను, ఒకసారి వెళ్ళి చూడండి.

మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ మెషినిస్టు తన గరాజులో కడుతున్నది పీటెన్‌పోల్ ఎయిర్ కాంపర్. మినెసొటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అనే పల్లెటూళ్ళో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన 1929లో ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజను పెట్టి ఎగరేసిన నమూనా ఇది. ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, తలపైన గొడుగులా రెక్క, ఆ రెక్కని కిందనుంచి పట్టుకునే స్ట్రట్లు. ఒంటినిండా చెక్క, పైన గుడ్డ. ముందు సీటు ప్రయాణికుడిది, నడిపేవాడు వెనక కూర్చుంటాడు. నేను రెండేళ్ళుగా వారాంతాల్లో ఆయన దగ్గర శిష్యరికం చేస్తున్నాను. పూర్తయ్యాక ముందు సీటులో మొదట ఎక్కేది తనేనని మా అబ్బాయి అప్పుడే రిజర్వు చేసుకున్నాడు కూడా.

ఇక బెజ్జం సంగతి. చెక్కని ఒక కట్ట చీపురు అనుకోండి. పొడుగునా పుల్లలు, పుల్లల మధ్య అతుక్కోవడానికి కాస్త బంక. పొడుగు దిశలో లాగితే తెగదు. అడ్డంగా చీల్చితే ఇట్టే విడిపోతుంది. విమానాల చెక్కల్లో కొలబద్దలాంటిది సిట్కా స్ప్రూస్. ఎండిన సిట్కా స్ప్రూస్ నార దిశలో చదరపు అంగుళానికి సగటున 5,600 పౌన్ల దాకా నొక్కుడు తట్టుకుంటుంది. నారకి అడ్డంగా నొక్కితే 580 దగ్గరే నలిగిపోతుంది. అడ్డంగా లాగితే 370 దగ్గరే విడిపోతుంది. ఒకే చెక్క, దిశ మారితే వేరే పదార్థం. ఇనుముతోనో అల్యూమినియంతోనో అలవాటైన లెక్కలు ఇక్కడ పనికిరానిది అందుకే.

బెజ్జం వేసినప్పుడు ఆ వెడల్పు మేరకు పుల్లలన్నీ తెగిపోతాయి. తెగిన పుల్లలు మొయ్యవలసిన బరువు పక్క పుల్లల మీద పడుతుంది, అదీ సమంగా కాదు, బెజ్జం అంచునే ఆనుకుని ఉన్నవాటి మీద ఎక్కువగా. ఏ దిశలోనైనా ఒకేలా ఉండే రేకులో గుండ్రటి బెజ్జం అంచు దగ్గర ఒత్తిడి మూడింతలవుతుందని ఇంజనీరింగు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. చెక్కలో నార దిశలో లాగితే అది మూడింతల కంటే ఎక్కువే.

అయితే బెజ్జం ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి కథ పూర్తిగా మారిపోతుంది. మా దూలం ముప్పావు అంగుళం మందం, 4.75 అంగుళాల ఎత్తు. రెక్క పైకి వంగినప్పుడు దూలం పై అంచు నలుగుతుంది, కింది అంచు సాగుతుంది, సరిగ్గా నడిమి గీత దగ్గర రెండూ ఉండవు. దానికే తటస్థాక్షం అని పేరు. పావు అంగుళం బెజ్జం ఆ నడిమి గీత మీద పడితే వంపుని ఎదిరించే శక్తిలో, అంటే పుస్తకాల్లో జడత్వ భ్రామకం అనేదానిలో, తగ్గేది నూటికి 0.015 వంతు. లెక్కలోకే రాదు. అదే బెజ్జం కింది అంచుకి అంగుళం దూరంలో పడితే 5 శాతం పైగా పోతుంది. అర అంగుళం దూరంలో పడితే 10 శాతం పైగా. వెడల్పు మారలేదు, చోటు మారింది, అంతే. అలాగని నడిమి గీత మీద ఇష్టం వచ్చినట్టు తూట్లు పొడవకూడదు. పొరలు ఒకదానిమీద ఒకటి జారిపోయే షియర్ ఒత్తిడి అక్కడే అత్యధికం.

నా బెజ్జం కింది అంచుకి అంగుళం దూరంలో ఉంది, స్ట్రట్ వచ్చి తగులుకునే ఫిట్టింగు దగ్గర. రెక్కలో వంపు బాగా ఎక్కువగా ఉండే చోట్లలో అదొకటి.

నాకు వెంటనే తట్టిన వాదన ఇది. "సరైన బెజ్జం కూడా అదే ఎత్తులో ఉండాలి కదా. డిజైనులోనే ఆ ఎత్తులో ఒక బెజ్జం ఉంటే, ముప్పావు అంగుళం అవతల ఇంకోటి ఉంటే కొంప మునిగేదేముంది? రెండూ ఒకే నిలువు కోతలో లేవుగా?" పెద్దాయన కాదనలేదు, అవుననలేదు. ఆ బెజ్జానికి ఎటువైపు స్ట్రట్ లాగుతుందో గీసి చూపించమన్నాడు. గీశాను. ఎగురుతున్నప్పుడు స్ట్రట్ రెక్కని కిందకీ, విమానం ఒంటివైపుకీ లాగుతుంది. అంటే బోల్టు చెక్కని ఒంటివైపు నెడుతుంది. నా తప్పు బెజ్జం సరిగ్గా ఆ వైపే ఉంది.

ఇప్పుడు రెండు బెజ్జాల నడుమ మిగిలిన చెక్క ఎంత? కేంద్రాల మధ్య ముప్పావు అంగుళం, అందులో బెజ్జాల సగాలు తీసేస్తే అర అంగుళం నాలుక. బోల్టు నెట్టినప్పుడు ఆ నాలుక పైనా కిందా రెండు గీతల వెంట నార దిశలో చీలి ఖాళీలోకి జారిపోవచ్చు. రెండు గీతలు, ఒక్కొక్కటి అర అంగుళం పొడవు, ముప్పావు అంగుళం మందం. కలిపితే ముప్పావు చదరపు అంగుళం. స్ప్రూస్ కి నార వెంట షియర్ బలం చదరపు అంగుళానికి సగటున 1,150 పౌన్లు. అంటే ఏ లోపమూ లేని నమూనా చెక్క 860 పౌన్ల దగ్గర తెగుతుంది. డిజైనులో ఇందులో చాలా తక్కువ భాగాన్నే నమ్ముకోవాలి. చెక్క ఇళ్ళు కట్టేవారి లెక్కల్లో కూడా ఒక వరసలో ఉన్న బోల్టుల మధ్య నార దిశలో బోల్టు వ్యాసానికి నాలుగింతల దూరం అడుగుతారు. పావు అంగుళం బోల్టుకి అంగుళం. నా దగ్గర ఉన్నది ముప్పావు. నా వాదన అక్కడితో సరి.

మరి బెజ్జాన్ని పూడ్చేస్తే? అందరికీ ముందు తోచేది ఇదే. ఎపాక్సీలో రంపపుపొట్టు కలిపి కూరెయ్యడం, లేదా హార్డ్‌వేర్ షాపులో దొరికే గుండ్రటి డవెల్ కర్ర ముక్కకి జిగురు రాసి దిగ్గొట్టడం. పూడ్చడం వల్ల లాభం లేకపోలేదు. తేమ లోపలికి పోదు, అంచులు కుళ్ళవు. నెట్టుడుకి కొంత ఆసరా కూడా వస్తుంది. బోల్టు నెట్టిన నాలుక ఖాళీలోకి జారకుండా బిరడా అడ్డుకుంటుంది. కానీ లాగుడుకి అది ఎందుకూ కొరగాదు. తెగిన పుల్లల కొనలు బెజ్జం గోడలో ఉన్నాయి. కొనలకి జిగురు పట్టదు. నార కొనలు స్ట్రాల మూతుల్లాంటివి, జిగురుని పీల్చేసుకుంటాయి, అతుకు దగ్గర ఏమీ మిగలదు. ఎపాక్సీ కాస్త మెరుగు, అయినా పోయిన నార బలాన్ని తిరిగి తేలేదు.

డవెల్ తో ఇంకో తంటా ఉంది. దాని నార కర్ర పొడుగునా ఉంటుంది. దాన్ని దూలంలోకి అడ్డంగా దించితే దాని నార, దూలం నార అడ్డదిడ్డంగా ఉంటాయి. చెక్క తేమకి ఉబ్బేది నారకి అడ్డంగానే, పొడుగునా దాదాపు ఉబ్బదు. వానాకాలంలో బిరడా ఒకవైపు ఉబ్బుతుంది, దూలం ఇంకోవైపు. నాలుగు కాలాలు గడిస్తే జిగురు గీత వదులవుతుంది. అందుకే పూడ్చవలసి వస్తే అదే జాతి చెక్క పలక ముఖం నుంచి ప్లగ్ కట్టర్ తో బిరడా కోసి, నార దిశ కలిసేలా తిప్పి పెట్టాలి. పెట్టాక కూడా బలం లెక్కల్లో ఆ బెజ్జం ఇంకా ఖాళీగానే ఉందనుకోవాలి.

మా ఊళ్ళో ఒక వడ్రంగి తాత ద్వారబంధంలో ముడి ఊడిపోయిన చోట మాసిక వెయ్యడం చిన్నప్పుడు చూశాను. ఆయన గుండ్రంగా తొలవలేదు. ఉలితో వడ్లగింజ ఆకారంలో తొలిచి, అదే ఆకారంలో టేకు ముక్క చెక్కి, నార వాటం కలిపి కూర్చోబెట్టాడు. గుండ్రంగా ఎందుకు చెయ్యలేదని అడిగితే, గుండ్రటిది వేసవికి ఊడిపోతుందన్నాడు. ఈ ఎపాక్సీ గొడవలో పడ్డాక ఆ వడ్లగింజ గుర్తొచ్చింది. రెండు కొనలూ సన్నగా సాగి ఉండటం వల్ల జిగురు పడేది నార కొనల మీద కాదు, నార పక్కల మీద. విమానాల వాళ్ళు స్కార్ఫ్ అనే అతుకు వెనక ఉన్న సూత్రం కూడా ఇదే.

స్కార్ఫ్ అంటే వాలు అతుకు. రెండు ముక్కల్నీ ఏటవాలుగా చిత్రిక పట్టి, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి అతికిస్తారు. వాలు ఒకటికి పన్నెండు. ముప్పావు అంగుళం మందానికి తొమ్మిది అంగుళాల పొడుగు అతుకు. ఒకటికి పది కంటే నిటారుగా ఉండకూడదు. సరిగ్గా చేస్తే అతుకు కంటే ముందు చెక్కే విరుగుతుంది. ఎఫ్.ఏ.ఏ. 1998లో వెలువరించిన ఏసీ 43.13-1బి అనే పొత్తంలో మొదటి అధ్యాయమంతా చెక్క గురించే, ఈ వాలు లెక్కలు అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీ విమానాల మరమ్మతుల కోసం రాసినది అయినా, గరాజుల్లో పనిచేసే మాబోటివాళ్ళకి అదే పెద్దబాలశిక్ష.

సాగిపోయిన బెజ్జాల గురించి ఆ పొత్తం మొహమాటం లేకుండా చెబుతుంది. దూలంలో బోల్టు బెజ్జం కోలగా అరిగినా, దాని చుట్టూ పగుళ్ళు కనిపించినా, ఆ భాగం కోసేసి కొత్త ముక్క అతకండి, లేదా దూలమే మార్చండి. నష్టం స్వల్పమై, ఆ ఫిట్టింగు కీలకమైనది కాకపోతేనే మరమ్మతు మాట, దానికీ ఇంజనీరింగు అనుమతి తీసుకోండి. ఇళ్ళలో కట్టుకునే విమానాలకి ఆ అనుమతి తప్పనిసరి కాదు. నన్ను భయపెట్టింది కూడా అదే. అడ్డు చెప్పే అధికారి లేడు. విమానం ధ్రువపత్రం పొందాక ప్రయాణికుడికి కనబడేలా ఒక హెచ్చరిక పలక అంటించాలి. ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాల భద్రతా నియమాలకు లోబడినది కాదు అని. మా ముందు సీటు ఎవరు రిజర్వు చేసుకున్నారో చెప్పాను కదా.

సరే, కోసి అతుకుదామనుకుంటే అదే పొత్తంలో ఇంకో నియమం. రెక్క మొదలు ఫిట్టింగులు, లాండింగ్ గేర్ ఫిట్టింగులు, ఇంజన్ మౌంటు ఫిట్టింగులు, స్ట్రట్ ఫిట్టింగులు - వీటి కిందకి దూలం అతుకులో ఏ భాగమూ రాకూడదు. నా బెజ్జం ఉన్నదే స్ట్రట్ ఫిట్టింగు దగ్గర. అంటే అతుకుని బాగా అవతలికి జరిపి, సగం దూలం కొత్తగా చెయ్యాలి. సగం చేసేవాడికి మొత్తం చెయ్యడం పెద్ద కష్టమా?

రెండు పక్కలా బర్చ్ ప్లైవుడ్ పలకలు అతికించి బలపరిచే పద్ధతి కూడా ఉంది, డబ్లర్ అంటారు. తెగిన నార మోసే బరువుని పలక బెజ్జం మీదుగా దాటిస్తుంది. పలక కొనలు హఠాత్తుగా ఆగకుండా సన్నగా వాలిపోవాలి, లేకపోతే పలక ఆగిన గీత దగ్గరే దూలం విరుగుతుంది. కానీ మాకు పలక మందం పెరిగితే స్ట్రట్ ఫిట్టింగు పట్టదు, ఫిట్టింగు మారిస్తే బోల్టు పొడవులు మారతాయి. ఒక బగ్గు కోసం నాలుగు మాడ్యూళ్ళు మార్చే వ్యవహారం.

ప్లైవుడ్ చర్మానికి చిల్లు పడితే మాత్రం ఇంత బెంగ అక్కర్లేదు. అంగుళం లోపు చిల్లు అయితే అంచులు నునుపు చేసి, వార్నిష్ తో మూసి, చుట్టూ కనీసం అంగుళం కప్పేలా గుడ్డ మాసిక డోపుతో అంటిస్తే చాలు. అయితే రెక్క ముందంచులోనూ, ఒంటి ముందుభాగంలోనూ, లోపలి చట్రానికి అంగుళం లోపున్న చోటా గుడ్డ పనికిరాదు. చర్మం మందం అంగుళంలో పదో వంతుకి మించకుండా, చిల్లు ఆ మందానికి పదిహేను రెట్లకి మించకుండా ఉంటే, అంచుల్ని ఒకటికి ఐదు వాలుతో చెక్కి ప్లైవుడ్ ముక్కనే కూర్చోబెడతారు. పై పొర నార దిశ కలవాలన్నది ఇక్కడా తప్పదు.

ఈ.ఏ.ఏ. వారికి టెక్నికల్ కౌన్సెలర్లని స్వచ్ఛందంగా వచ్చి చూసిపోయేవారు ఉంటారు. ఒకాయన వచ్చి చూశాడు. బెజ్జం దూలం నడుమనో, ఫిట్టింగుకి దూరంగానో పడి ఉంటే బిరడా పెట్టి, వార్నిష్ వేసి, పుస్తకంలో రాసుకుని ముందుకు పొమ్మనేవాడినన్నాడు. ఇక్కడ పడింది కనుక తన విమానమైతే మార్చేవాడినన్నాడు. విమానం మాది కనుక నిర్ణయం మాదేనని కూడా అన్నాడు. నాకు ఆరు వారాల శ్రమ కళ్ళముందు కదిలింది. విమానాలకి పనికొచ్చే స్ప్రూస్ కారుచౌక కూడా కాదు. పెద్దాయన ఏమీ అనకుండా గోడకి ఆనించి ఉన్న మిగులు పలకలు కొలవడం మొదలుపెట్టాడు.

పాత దూలాన్ని పారెయ్యలేదు. ముక్కలు కోసి నమూనాలు చేశాం. ఒక ముక్కకి నడిమి గీత మీద బెజ్జం, ఇంకోదానికి కింది అంచుకి అర అంగుళంలో, రెండింటికీ నార కలిపిన బిరడాలు, ఎపాక్సీతో. వారం ఆరనిచ్చి, రెండు దిమ్మల మీద పెట్టి, మధ్యలో జాకీతో నొక్కాం. నడుమ బెజ్జం ఉన్నది ఆ బెజ్జంతో సంబంధం లేకుండా కింది అంచు దగ్గర చీరుకుంటూ విరిగింది. రెండోది బెజ్జం దగ్గరే విరిగింది. విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని చూస్తే బిరడా పక్కల్లో చెక్క నార చిరిగి జిగురుకి అంటుకుని ఉంది, కొనల వైపు మాత్రం అద్దంలా నున్నగా ఊడివచ్చింది. రెండు ముక్కలతో ఏ సిద్ధాంతమూ నిరూపణ కాదని నాకూ తెలుసు. కానీ ఆ నున్నటి ముఖం చూశాక ఆరు వారాల గురించి మళ్ళీ మాట్లాడలేదు.

జిగురు పనిలో ఈ నమూనా ముక్కల అలవాటు అందరూ పాటిస్తారు. కలిపిన ప్రతి గిన్నెడు జిగురుతోనూ రెండు చిన్న ముక్కలు అతికించి, తేదీ రాసి, ఆరాక విరగ్గొడతారు. విరగవలసింది చెక్క. జిగురు గీత విడిపోతే ఆ రోజు అతికిన ప్రతిదీ అనుమానించవలసిందే. మనం యూనిట్ టెస్టులు రాయడానికి బద్ధకిస్తాం. ఇక్కడ డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి ఒక్కటి కూడా వదలడు.

బెజ్జం తిన్నగా వెయ్యడం గురించి నేర్చుకున్నవి కూడా చెప్పేస్తాను. చేతి డ్రిల్లు కంటే డ్రిల్ ప్రెస్ మేలు. నడుమ ముల్లు ఉండే బ్రాడ్ పాయింట్ బిట్టు అయితే నార వెంట పక్కకి జారదు. వెనక ఒక పనికిరాని చెక్క గట్టిగా బిగిస్తే అవతలి ముఖం పేళ్ళు లేవదు. ముందు కాస్త చిన్న బెజ్జం వేసి, ఫిట్టింగు పెట్టి సరిచూసుకుని, తరవాత అసలు కొలతకి పెంచాలి. నేను ఈ ఒక్క మెట్టు పాటించి ఉంటే తప్పు చిన్న బెజ్జంగానే దొరికేది. బోల్టు చెక్క సుత్తితో మెల్లగా తడితే దిగేంత బిగువుగా ఉండాలి. దించేముందు బెజ్జం లోపల వార్నిష్ పూయాలి. నట్టు కింద మామూలు వాషరు చెక్కలోకి దిగబడిపోతుంది కనుక ఏఎన్ 970 అనే వెడల్పాటి వాషరు వాడతారు. అయినా మినెసొటా శీతాకాలంలో చెక్క ఎండి కుంచించుకుంటుంది, బోల్టులు వదులవుతాయి, ఏటా చూసుకోక తప్పదు.

తప్పు బెజ్జం ఫోటో, కొలతలు, మేము వేసుకున్న లెక్కలు, విరిగిన ముక్కల ఫోటోలు అన్నీ నిర్మాణ లాగ్ పుస్తకంలో ఎక్కించాం. సగానికి పైగా పని మనమే చేశామని రుజువు చెయ్యడానికి ఆ పుస్తకం ఎలాగూ కావాలి. ఆ పేజీలో ఎవరి చేతి తప్పో రాయడానికి పెద్దాయన ఇష్టపడలేదు. నేనే రాశాను.

కొత్త దూలానికి మార్చి నెలలో బెజ్జాలు వేశాం. డ్రిల్లు నా చేతిలోనే ఉంది. టేపు మాత్రం ఆయన పట్టుకున్నాడు.